దూలాల కింద పడుకుని చూశాక: విజయవాడ, గుంటుపల్లి, నూజివీడు

మంగళగిరి దగ్గర మాకున్న తోటలో కర్ర చట్రంతో, పెంకు కప్పుతో ఇల్లు కట్టుకోవాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాను. ఫోన్‌లో ఫొటోలు చూసి డిజైన్ ఖాయం చేసేయబోతుంటే తమ్ముడు ఆపాడు. వాడు సివిల్ ఇంజనీరు. "అక్కా, ముందు అలాంటి కప్పు కింద రెండు రాత్రులు పడుకో, తర్వాత డబ్బు పెడుదువుగాని" అన్నాడు. జూన్ మొదటి వారంలో గుంటూరులో కారు మాట్లాడుకుని ఇద్దరం బయల్దేరాం.

నా మనసులో ఉన్నది క్వీన్ పోస్ట్ కప్పు. అడ్డ దూలం మీద రెండు నిలువు కర్రలు లేస్తాయి, వాటి మధ్య జాగా ఖాళీగా ఉంటుంది. అక్కడ అటక గది వేయించుకుని పుస్తకాలు పెట్టుకోవాలని నా ఆశ. తమ్ముడేమో కింగ్ పోస్ట్ అంటాడు, మధ్యలో ఒక్కటే నిలువు కర్ర. మామూలుగా 5 నుంచి 8 మీటర్ల వెడల్పుకి కింగ్ పోస్ట్ సరిపోతుంది, అది దాటి 12 మీటర్ల దాకా క్వీన్ పోస్ట్ వాడతారు. మా హాలు 20 అడుగులు, అంటే 6 మీటర్లు. కర్రా తక్కువే, అతుకులూ తక్కువేనని వాడి వాదన.

మొదటి రాత్రి విజయవాడ గవర్నరుపేటలో మామూలు హోటల్, 2,300 రూపాయలు. శుభ్రంగా ఉంది, రైల్వే స్టేషన్ దగ్గర. దాని గురించి ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

పొద్దున ఒక టింబర్ డిపోలో పెద్దాయన ఒకరు మాకోసం అతుకు వేసి చూపించారు. ఒక కర్ర చివర నాలుకలా చెక్కి, రెండో కర్రకు తొలిచిన బెజ్జంలో దూర్చి, అడ్డంగా చెక్క చీల కొట్టడం. ఇక్కడే అసలు పనితనం ఉంది. చీల దిగే కన్నాలు రెండు కర్రల్లోనూ సరిగ్గా ఎదురెదురుగా పెట్టలేదాయన. నాలుకలోని కన్నాన్ని బియ్యపు గింజ మందాన నాలుక మొదలు వైపు జరిపారు. చీల దిగుతున్నకొద్దీ నాలుక లోపలికి లాక్కుపోయి, అతుకు దగ్గర కాగితం కూడా దూరనంతగా బిగిసింది. మేకు లేదు, జిగురు లేదు. ఆయన చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది.

ఆ రాత్రి కృష్ణ ఒడ్డున ఒక కాటేజీ. టేకు ఇల్లని చెప్పి 6,500 తీసుకున్నారు. లోపలికి వెళ్ళి తమ్ముడు దూలం మీద వేలితో కొడితే బోలుగా మోగింది. లోపల ఇనప గొట్టం, పైన పలకలు అతికించారు. స్తంభాలు నేరుగా మట్టిలోకి దింపారు, జానెడు ఎత్తు దాకా నల్లబడి మెత్తగా అయిపోయాయి. గీజరు పనిచేయలేదు, మూడుసార్లు ఫోన్ చేస్తే గానీ మనిషి రాలేదు. నది గాలి మాత్రం నిజం. దానికోసమైతే వెళ్ళండి, కర్ర ఇల్లు చూడటానికి మాత్రం వద్దు.

ఏలూరు జిల్లాలో బౌద్ధ గుహలున్న గుంటుపల్లికి విజయవాడ నుంచి రెండు గంటల పైనే పట్టింది. కొండ మెట్లు ఎక్కాలి, మంచినీళ్ళు మోసుకెళ్ళండి. కొండను తొలిచిన గుండ్రటి చైత్యం, అంటే బౌద్ధుల ప్రార్థన మందిరం, మధ్యలో స్తూపం. తల ఎత్తి చూస్తే గోపురం లాంటి కప్పు లోపల వాసాలు! క్రీస్తు పూర్వం నాటి శిల్పులు రాతినే వాసాల్లా చెక్కారు. అవి ఏ బరువూ మోయవు. అయినా కర్ర ఇళ్ళలో పుట్టి పెరిగిన ఆ మనుషులకి వాసాల్లేని కప్పు కప్పులా అనిపించి ఉండదు. ముందురోజు బోలు దూలం మీద వచ్చిన కోపం ఇక్కడ ఎందుకు రాలేదా అని చాలాసేపు ఆలోచించాను. ఇక్కడ ఎవరూ దాన్ని టేకని చెప్పి అమ్మలేదు.

తిరుగు దారిలో నూజివీడు దగ్గర ఒక ఊళ్ళో మండువా లోగిలి. ఇంటివాళ్ళే రెండు గదులు అద్దెకిస్తున్నారు, భోజనంతో కలిపి 3,000. ఈ ప్రయాణం మొత్తానికీ విలువైన రాత్రి ఇదే. ప్రతి స్తంభం కింద మోకాలి ఎత్తు రాతి దిమ్మె, నేల తడి కర్రకి తగలదు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మా పిన్నిగారింట్లో ప్లైవుడ్ అంతా ఉబ్బి పొరలూడిపోయింది, పాత టేకు తలుపులు మాత్రం ఆరి నిలబడ్డాయి. ఆ దిమ్మెలు చూస్తుంటే అదే గుర్తొచ్చింది.

పెరట్లో పశువుల పాక ఉంది, మధ్యలో నిట్రాట. "ఇది నేల మీద నిలబడి కప్పుని మోస్తుంది. కింగ్ పోస్ట్ చూడటానికి ఇలాగే ఉంటుంది గానీ అది మోయదక్కా, వేలాడుతుంది. కింది దూలం కుంగకుండా పైకి పట్టుకుంటుంది" అన్నాడు తమ్ముడు. ఇన్నాళ్ళూ నేను తిరగేసి అనుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి అటక ఎక్కాను. రెండు నిమిషాలు ఉండలేకపోయాను, పెంకు వేడి నెత్తి మీద కూర్చుంది. ఇత్తడి గుండిగలు తప్ప అక్కడేమీ లేవు. "ఎండాకాలం అక్కడ పిల్లి కూడా పడుకోదమ్మాయ్" అన్నారు ఇంటి పెద్దావిడ, చిన్నరసాలు పళ్ళెంలో పెడుతూ. కిందకి దిగితే మండువాలో చల్లగా ఉంది. రాత్రి వాన పడింది, నాలుగు వైపుల నుంచీ చూరు నీళ్ళు మండువాలోకి దూకాయి. బాత్రూమ్ పెరటి చివర ఉంది, దోమలున్నాయి. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు ఆలోచించుకోండి. నేను మాత్రం మళ్ళీ వెళ్తాను.

ఇంటికొచ్చాక అటక గది మానేశాను. హాలుకి కింగ్ పోస్ట్, వసారాకి దిమ్మెల మీద స్తంభాలు. మొన్న ఆదివారం తోటలో టేపు పట్టుకుని తమ్ముడు అడుగులు చెబుతుంటే, ఒక్కో స్తంభం చోట నేను ముగ్గుపిండితో చుక్క పెట్టాను.