నేపియర్ సాళ్ల మధ్య క్లోవర్ వేశాం: విత్తనాల కొట్టుకి నా మార్కులు

మాది ఆనందపురం అవతల. రెండు జెర్సీ ఆవులు, ఒక గేదె, నలభై సెంట్లలో సూపర్ నేపియర్ పశుగ్రాసం. న్యూజిలాండ్‌లో పచ్చిక బయళ్లలో గడ్డితో పాటు తెల్ల క్లోవర్ అనే చిక్కుడు జాతి మేతమొక్క పెంచుతారనీ, దాని వేళ్లే నత్రజని పట్టి ఇస్తాయనీ, యూరియా ఖర్చు తగ్గుతుందనీ మా అబ్బాయి ఒకటే గోల. సరేనని కిందటి నవంబరులో విశాఖ టౌన్లో ఒక కొట్టుకెళ్లి బర్సీమ్, అంటే ఈజిప్టు క్లోవర్, 2 కేజీలు తెచ్చాం. సగం చేనుకి సరిపోయింది.

గింజ పాతది కాదు, మొలక బాగానే వచ్చింది. కానీ చల్లే ముందు ఉప్పునీళ్లలో వేస్తే దోసెడు తేలింది. అంతా కాసిని గింజ, మన కాఫీపొడిలో కలిపే చికోరీ. బర్సీమ్‌లో ఈ కల్తీ మామూలేనట. అయినా కొట్టువాడు ఒక్క మాట చెప్పాలి కదా!

అసలు కోపం కల్చర్ దగ్గర, అంటే విత్తనానికి పట్టించే బాక్టీరియా మందు దగ్గర. వేళ్ల బుడిపెల్లో చేరి నత్రజని పట్టే ఆ బాక్టీరియా, రైజోబియం, బర్సీమ్‌కి వేరే ఉంటుంది. ఆయన పెసర కల్చర్ చేతిలో పెట్టి, "ఏదైనా ఒకటే బాబూ" అన్నాడు. నెలన్నరకి మొక్క పీకి చూస్తే వేళ్లకి బుడిపెలు అక్కడక్కడే ఉన్నాయి. చిదిమితే లోపల తెల్లగా ఉంది. పనిచేసే బుడిపె గులాబీ రంగులో ఉండాలి.

కొట్టువాడి మీద తోయలేనిది ఒకటుంది. ఉత్తరాదిలో చలికి నేపియర్ పడుకుంటుంది, ఆ ఖాళీలో బర్సీమ్ లేస్తుంది. మన దగ్గర నేపియర్‌కి నిద్ర ఎక్కడిది? జనవరికల్లా నీడ కమ్మేసింది. రెండు కోతలు వచ్చాయి, ఫిబ్రవరి ఎండకి మిగతాది మాడిపోయింది. మొదటి కోత మంచుతడితోనే వేస్తే ఒక ఆవుకి ఎడమ డొక్క ఉబ్బి, అర్ధరాత్రి డాక్టరుగారిని లేపాల్సి వచ్చింది. రెండోసారి వడలబెట్టి, వరిగడ్డితో కలిపి వేశాం. ఇబ్బంది రాలేదు.

అదే కొట్లో కొన్న స్టైలో అనే మేతమొక్క విత్తనం మాత్రం బంగారం. వేడినీళ్లలో ముంచి తీసి, తొలకరికి గట్ల మీద చల్లాను. ఇప్పటికీ కోస్తున్నాం. ఈసారి సాళ్ల మధ్య అలసంద వేస్తాను, నీడ పడేలోపే కోసేయొచ్చు.

అయిదుకి మూడు మార్కులు. ఒకటి పూర్తిగా స్టైలోది. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా కొట్టు మూసేస్తారు, చూసుకుని వెళ్లండి.