తాళాలు, గులాబీ, రిబ్బను: ఆష్టన్ బాలే ‘ఎ మంత్ ఇన్ ది కంట్రీ’

రష్యన్ రచయిత తుర్గేనెవ్ ఇదే పేరుతో రాసిన నాటకం ఐదు అంకాలు, అంతా మాటలే. మనసులో ఉన్నది బయటపడకుండా ఉండటానికే ఆ ఇంట్లోవాళ్లు అంతసేపు మాట్లాడుకుంటారు. ఆ మాటలన్నీ తీసేసి, ముప్పావు గంటలో ఇమిడే ఒకే అంకపు బాలేగా మలిచాడు బ్రిటిష్ నృత్య దర్శకుడు ఫ్రెడరిక్ ఆష్టన్. రాయల్ బాలే దీన్ని మొదట 1976 ఫిబ్రవరి 12న లండన్ కోవెంట్ గార్డెన్‌లోని రాయల్ ఆపెరా హౌస్‌లో వేసింది. నతాలియా పెట్రోవ్నాగా లిన్ సీమోర్, కుర్ర ట్యూటర్ బెల్యాయెవ్‌గా ఆంథొనీ డోవెల్ చేశారు.

కథ తెలుసుకుని వెళ్లడం మంచిది, పెద్దదేమీ కాదు. పల్లెలో ఒక జమీందారీ ఇల్లు. ఇంటావిడ నతాలియాకి 29 ఏళ్లు. భర్త ఇస్లాయెవ్ మంచివాడే, ధ్యాసంతా పనుల మీద. రకీతిన్ ఆమెను ఆరాధిస్తూ ఆ ఇంట్లోనే తిరుగుతుంటాడు. కొడుకు కోల్యాకి పాఠాలు చెప్పడానికి వచ్చిన 21 ఏళ్ల బెల్యాయెవ్‌ని ఆమె ప్రేమిస్తుంది. ఆమె చేరదీసి పెంచుతున్న 17 ఏళ్ల వేరా కూడా అతన్నే ప్రేమిస్తుంది. పనిమనిషి కాత్యాకీ అతనంటే ఇష్టమే.

నాటకంలోని డాక్టర్‌నీ, అత్తగారినీ, జర్మన్ మాస్టారినీ, వేరాకి చూసిన ముసలి పెళ్లికొడుకునీ ఆష్టన్ తీసేశాడు. మిగిలింది ఎనిమిది మంది. డాక్టర్ పోవడం వల్ల నష్టం లేదు, అతని చమత్కారమంతా మాటల్లోదే. పెళ్లికొడుకు పోవడం మాత్రం లోటే. ఆ ఇంట్లోంచి బయటపడితే చాలని నాటకంలో వేరా ఆ ముసలాయనకు సరేనంటుంది. బాలేలో ఆ దారుణం లేదు కాబట్టి వేరా చివరికి అలిగిన పిల్లలాగే మిగిలిపోతుంది.

సంగీతం పోలండ్ స్వరకర్త షోపాన్ కుర్రతనంలో పియానోకీ ఆర్కెస్ట్రాకీ రాసిన మూడు రచనలు. బాలేకి తగ్గట్టు కూర్చింది జాన్ లాంచ్‌బెరీ. మొదటిది మొజార్ట్ ఆపెరా ‘డాన్ జొవానీ’లోని యుగళగీతం మీద అల్లిన వేరియేషన్లు. ‘నీ చెయ్యి నా చేతిలో పెట్టు’ అని ఒక స్త్రీలోలుడు పల్లెపిల్లను బులిపించే పాట అది. ఇక్కడ వలేసేవాడు ఎవడూ లేడు, ఆడవాళ్లందరూ తమంతట తామే పడతారు. ఆ వెటకారం పట్టుకుంటే మొదటి పావుగంట రుచే వేరు. వేరియేషన్ అంటేనే ఒకే రాగానికి వేర్వేరు వేషాలు కాబట్టి ఒక్కో పాత్రను పరిచయం చేయడానికి చక్కగా కుదిరింది. చిక్కల్లా పియానో దగ్గరే. వాయించేవాడు కచేరీ జోరులో పోతే ఆష్టన్ వేయించే చిన్నచిన్న అడుగులు అలికేసినట్టవుతాయి. కోల్యా బంతితో చేసే సోలోలో అయితే దాచుకోవడానికి చోటే లేదు: బంతి నేలకు తగలడం తాళంలో పడాలి, పైగా ఇరవై ఏళ్లు దాటిన ఆ డాన్సర్ పదేళ్ల పిల్లాడిలా కనిపించాలి.

తాళాల సీను చూడండి. ఇస్లాయెవ్ తన తాళంచెవులు కనపడక వెతుక్కుంటూ వస్తాడు, ఇల్లంతా లేచి తలో మూలా వెతుకుతుంది. నవ్వు రావాల్సిందే, కానీ ఎవరూ నవ్వించడానికి ప్రయత్నించకూడదు. భర్త బఫూన్ అయ్యాడంటే నతాలియా ఇంకొకడి మీద మనసు పడటం సులువైపోతుంది, కథలో బిగువు పోతుంది. పునఃప్రదర్శనల్లో తరచూ చెడేది ఇక్కడే. రెండో ప్రమాదం నతాలియాని మహా విషాద నాయికను చేయడం. ఆమెలో కాస్త పోజు, కాస్త స్వార్థం ఉన్నాయి. వేరా చెంప ఛెళ్లుమనిపించి, మరుక్షణం తన చేతిని తానే నమ్మలేనట్టు నిలబడే మనిషి. ఆ రెండూ ఒకే ఊపిరిలో కనిపించాలి.

నతాలియా, బెల్యాయెవ్‌ల యుగళంలో సర్కస్ లిఫ్టులుండవు. నేలకు కాస్త పైనే ఎత్తి పట్టుకుంటే ఆమె పాదాలు గాలిలో పరుగు తీస్తుంటాయి. నడుము పైభాగం వెనక్కీ పక్కకీ బాగా వంగుతుంది, అదే ఆష్టన్ ముద్ర. నిటారుగా నిలిపే శిక్షణలో పెరిగిన డాన్సర్లు ఇక్కడ బిగుసుకుపోతారు. పాత బాలేల్లోలా ఉంగరపు వేలు చూపించి పెళ్లి అని చెప్పే సైగలు లేవు. కూచిపూడి చూసే అలవాటున్నవాళ్లు హస్తాల్లో అర్థం వెతకడం మాని, వెన్ను చూడటం మొదలుపెడితే కథ దానంతటదే తెలుస్తుంది.

జూలియా ట్రెవెల్యన్ ఓమన్ వేసిన సెట్టు 1850 నాటి డ్రాయింగ్ రూము, వెనక తోట. సామాను నిండుగా ఉంటుంది, చాలా పని ఆ కుర్చీల దగ్గరే జరుగుతుంది. రాయల్ ఆపెరా హౌస్ గుర్రపు నాడా ఆకారంలో కట్టిన హాలు కాబట్టి పక్క సీట్లవాళ్లకు స్టేజీలో ఒక వైపు కనపడదు. మామూలు బాలేకి ఆ చవక టికెట్లు సరిపోతాయి, దీనికి వద్దు. పైన దూరమైనా సరే, మధ్యలో కూర్చోవడం మేలు. ఇది ఒంటరిగా సాయంత్రమంతా నిండే బాలే కాదు, మరో ఒకటి రెండింటితో కలిపి వేస్తారు. కాబట్టి దీని ఒక్కదాని కోసం టికెట్ కొనాలా వద్దా అన్నది తోడుగా ఏం వేస్తున్నారో చూసి తేల్చుకోవాలి. అమెరికాలో ఉన్నవాళ్లకు: అమెరికన్ బాలే థియేటర్ కూడా 2013లో దీన్ని తన జాబితాలో చేర్చుకుంది.

బైనాక్యులర్స్ పనికొస్తాయి, చివర్లో మాత్రం దించెయ్యాలి. అందరూ వెళ్లిపోయాక నతాలియా వీపు తిప్పి ఒంటరిగా ఉంటుంది, గౌను వెనక పొడవాటి రిబ్బన్లు వేలాడుతుంటాయి. బెల్యాయెవ్ చప్పుడు లేకుండా తిరిగొస్తాడు. ఆ రిబ్బన్ల కొసలు ముద్దు పెట్టుకుని, అంతకుముందు ఆమె అతని కోటుకి గుచ్చిన గులాబీని నేల మీద వదిలి, అలాగే వెళ్లిపోతాడు. ఆమె ముఖం మీదే గురిపెట్టి కూర్చున్నవాళ్లకు అతనొచ్చాడని తెలిసేసరికి పువ్వు కింద పడి ఉంటుంది.