మాజ్డా ఆర్‌ఎక్స్-8: ఇంజను కట్టించాక కూడా వాడుతున్న యజమాని సమీక్ష

డాలస్ ప్రాంతంలో మాజ్డా ఆర్‌ఎక్స్-8 స్పోర్ట్స్ కారును ఏళ్ళ తరబడి నడిపి, మధ్యలో ఇంజను పూర్తిగా విప్పించి మళ్ళీ కట్టించి, ఇప్పటికీ వాడుతున్నవాడిగా ఈ సమీక్ష రాస్తున్నాను. నాది 2005 మోడలు, ఆరు గేర్ల మాన్యువల్ బండి. మలుపుల్లో దీని నిలకడనూ, తొమ్మిది వేల ఆర్‌పీఎం దాకా తడబాటు లేకుండా ఎక్కే ఇంజనునూ మెచ్చుకొనేవారి మాటలన్నీ నిజమే. అయితే పాత ఆర్‌ఎక్స్-8ను కొనడమంటే, ఏదో ఒకనాడు ఇంజను కట్టించవలసిన బండిని కొనడమే కనుక, నేను ముఖ్యంగా ఆ విషయమే చెబుతాను.

ఇందులో పిస్టన్లు ఉండవు, వాటి బదులు హౌసింగు అనే గూటిలో తిరిగే ముక్కోణపు రోటర్లు ఉంటాయి. 654 సీసీ చొప్పున రెండు రోటర్లున్న ఈ రెనెసిస్ ఇంజను 2003లో ఇంటర్నేషనల్ ఇంజిన్ ఆఫ్ ది ఇయర్ పురస్కారం పొందింది. రోటరుకు మూడు మొనలు. ప్రతి మొనకూ ఒక ఏపెక్స్ సీలు, పక్కలకు సైడ్ సీళ్ళు, ఆ రెండూ కలిసే చోట కార్నర్ సీళ్ళు ఉంటాయి. మామూలు ఇంజనులో పిస్టన్ రింగులు చేసే పని, అంటే లోపలి ఒత్తిడి బయటికి జారకుండా ఆపడం, ఇక్కడ ఇవి చేస్తాయి. వీటిని తడపడానికి ఇంజను తన ఆయిలునే కొద్దికొద్దిగా లోపలికి తీసుకొని కాలుస్తుంది. అందువల్ల ఆయిలు తగ్గడం ఈ బండికి జబ్బు కాదు, స్వభావం. పెట్రోలు పోయించినప్పుడల్లా డిప్‌స్టిక్కు తీసి చూసుకోవలసిందే.

నా బండిలో మొదట పికప్పు తగ్గింది. తరువాత అసలు లక్షణం బయటపడింది: పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఒక్క సెల్ఫుకే అందుకొనే ఇంజను, హైవే మీద బాగా వేడెక్కాక పెట్రోలు కోసం ఆపితే మళ్ళీ అందుకొనేది కాదు. సెల్ఫు చకచకా తిరిగేది గాని ఇంజను పలికేది కాదు. కాసేపు చల్లారనిస్తే మళ్ళీ లేచేది. వేడికి ఆయిలు పలచబడి, అరిగిన సీళ్ళ సందుల గుండా కంప్రెషన్ (లోపల నొక్కుకున్న గాలి ఒత్తిడి) జారిపోవడమే దీనికి కారణం. దీన్ని కొలవడానికి రోటరీ ఇంజన్ల కోసమే చేసిన పరికరం కావాలి, ఎందుకంటే ఒక్కొక్క రోటరుకు మొనల మధ్యనున్న మూడు ముఖాల అంకెలు విడివిడిగా తెలియాలి. నిమిషానికి 250 చుట్ల వేగంలో 830 కిలోపాస్కల్ ఉండవలసినది, 680 కంటే తగ్గకూడదు. నా ఇంజను వెనుక రోటరులో రెండు ముఖాలు ఆ హద్దుకు దిగువన ఉన్నాయి. ఒక్క ముఖమే పడిపోతే సాధారణంగా సైడ్ సీలును అనుమానించాలి. పక్కపక్కనున్న రెండు పడిపోతే వాటి మధ్యనున్న ఏపెక్స్ సీలును అనుమానించాలి.

విప్పాక ఆ అనుమానమే నిజమని తేలింది. ఆ సీలు చివరలు అరిగి గుండ్రబడ్డాయి, హౌసింగు అంచున క్రోము పెచ్చులు లేచింది, పొగ బయటికి పోయే రంధ్రాలు పక్క పలకల్లోనే ఉన్నందువల్ల సైడ్ సీళ్ళు గాడుల్లో మసితో బిగుసుకుపోయి వేలితో నొక్కితే కదలడం లేదు. మూలం, ప్లగ్గులకు కరెంటు అందించే ఇగ్నిషన్ కాయిళ్ళలో ఉంది. నాలుగింటిలో ఒకటి బలహీనపడితే కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతుంది. కన్వర్టర్ కరిగి మూసుకుపోతే వేడి వెనక్కి తన్ని సీళ్ళను తినేస్తుంది. నా చేతికి రాకముందు నుంచే ఆ కాయిళ్ళు పాతబడి ఉన్నాయని మెకానిక్కు తేల్చాడు.

పిస్టన్ ఇంజను బోరుకొస్తే రీబోరు చేయించి పెద్ద పిస్టన్లు వేయవచ్చు. దీనికి ఆ దారి లేదు. క్రోము పోయిన హౌసింగును మార్చవలసిందే. పాత హౌసింగులకే కొత్త సీళ్ళు వేసి తక్కువ ఖర్చులో కట్టిస్తామనే గ్యారేజీలు దొరుకుతాయి గాని, ఆ ఇంజన్లు ఎక్కువ కాలం నిలవవని నా గట్టి నమ్మకం. నేను రెండు హౌసింగులూ కొత్తవే వేయించాను, బేరింగులు కూడా మార్పించాను. సైడ్ సీళ్ళను ఒక్కొక్కటీ కార్నర్ సీలుకు ఆనించి, సన్నని ఆకురాయితో రాస్తూ, ఫీలర్ గేజి అనే సన్నని కొలత రేకుతో సందు చూస్తూ కూర్చోబెట్టడం నేను దగ్గరుండి చూశాను. పనితనం తెలిసేది అక్కడే. తొందరపడేవాడు దాన్ని దాటేస్తాడు.

కట్టించాక వేడి మీద కూడా సెల్ఫు వేయగానే లేస్తోంది. కాయిళ్ళను ముప్పై వేల మైళ్ళకొకసారి ప్లగ్గులతో సహా మారుస్తున్నాను, పెట్రోలులో కొంచెం టూ స్ట్రోక్ ఆయిలు కలుపుతున్నాను. చల్లని ఇంజనును స్టార్ట్ చేసి రెండడుగులు కదిపి ఆపేయను. అలా చేస్తే లోపల పెట్రోలు నిండి ప్లగ్గులు తడుస్తాయి. వేడెక్కాక మాత్రం రోజుకొకసారైనా పై ఆర్‌పీఎం దాకా లాగుతాను, మసి పేరుకోకుండా ఉండడానికి అది అవసరం. మైలేజీ గ్యాలనుకు పదహారు, పదిహేడు మైళ్ళకు మించదు, ఇందులో మార్పేమీ రాలేదు.

అమెరికాలో 2004–2008 మోడళ్ళ ఇంజనుకు మాజ్డా వారంటీని 8 ఏళ్ళు లేదా లక్ష మైళ్ళకు పెంచింది గాని ఆ గడువు ఎప్పుడో తీరింది. కాబట్టి కొనేవారు ఇంజను వేడి మీద ఉండగా తీసిన ఆరు కంప్రెషన్ అంకెలూ అడగాలి. అమ్మేవారు వాటిని చూపించకపోతే, ఇంజను పోయిన బండి ధరే ఇవ్వాలి.