షూర్ ఎస్‌ఈ215: ఒక మృదంగం వాద్యగాడి చెవి నుంచి

ఈ ఇయర్‌ఫోన్స్ మీద మావాళ్ళలో తలా ఒక మాట. తొప్పి (మృదంగానికి ఎడమ వైపు) మోత ఇంత బాగా వినపడుతోందని నాకు సంబరం. తీగ మీద కమాను రాపిడి వినపడట్లేదని మా వయొలిన్ ఆయనకి చిరాకు. వైరున్న సరుకు ఇంకా కొనేవాళ్ళున్నారా అని మా మేనల్లుడి వెటకారం. పిలిస్తే పలకనని మా ఆవిడ కోపం. అందరివీ విన్నాక నాకు తేలిందేమిటంటే, ముందు అవి చెవిలో సరిగ్గా బిగిశాయో లేదో చూడాలి. ఆ తరవాతే ఎవరి తీర్పయినా.

షూర్ పేరు కచేరీలు చేసేవాళ్ళకి కొత్త కాదు. 1925లో షికాగోలో రేడియో విడిభాగాలు అమ్ముతూ మొదలైన కంపెనీ. వాళ్ళ ఎస్‌ఎం58 మైకు 1966లో వచ్చింది. గుండ్రటి జాలీ తల ఉంటుంది చూడండి, అదే. గుళ్ళోనూ కల్యాణ మండపాల్లోనూ గాయకుల ముందు నేటికీ కనపడేది అదే (అసలుదో నకిలీదో ఆ మైకుసెట్టు అబ్బాయికే తెలియాలి). వేదిక మీద తమ పాట తమకి వినపడటానికి గాయకులు చెవిలో పెట్టుకునే మానిటర్లు ఉంటాయి కదా, ఆ బాపతులో చవకది ఈ 215. 2011లో వచ్చింది, ఇప్పటికీ అమ్ముడుపోతోంది. ఒక్కో చెవికి ఒకే డైనమిక్ డ్రైవర్, అంటే చిన్న స్పీకర్ లాంటిది. వైరు ఊడదీసి వేరేది వేసుకోవచ్చు. బ్యాటరీ లేదు, చార్జింగ్ గొడవ లేదు. నా దాని వైరుకి ఫోన్ మాట్లాడే మైకు కూడా లేదు. చాలా కొత్త ఫోన్లకి గుండ్రటి పిన్ను పెట్టే కంత ఉండట్లేదు కాబట్టి చిన్న కన్వర్టర్ ఒకటి విడిగా కొనుక్కోవాలి.

బయటి చప్పుడు 37 డెసిబెల్స్ దాకా ఆపుతుందని కంపెనీ చెబుతుంది. అది చెవి రంధ్రం పూర్తిగా మూసుకున్నప్పటి లెక్క. ఇందులో ఎలక్ట్రానిక్స్ మాయ ఏమీ లేదు, చెవికి బిరడా కొట్టడమే. చెవిలోకి దూరే తొడుగులు, అంటే టిప్స్, రెండు రకాలు: నల్ల ఫోమ్‌వి, మెత్తటి సిలికాన్‌వి, రెండూ మూడేసి సైజుల్లో ఇస్తారు. ఫోమ్‌ని వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చేతిని తల మీదుగా తెచ్చి చెవి పైకొసని కాస్త పైకీ వెనక్కీ లాగి, లోపలికి దూర్చి, అది ఉబ్బేదాకా పావు నిమిషం వేలితో అదిమి పట్టుకోవాలి. వైరు చెవి మీద నుంచి వెనక్కి పోవాలి, కిందికి వేలాడకూడదు. వేలాడితే చొక్కాకి తగిలిన ప్రతిసారీ ఆ గరగర నేరుగా చెవిలోకే వస్తుంది.

ఏ కాస్త సందున్నా ముందు పోయేది బేస్, అంటే కింది స్థాయి మోత. తొప్పి మీద రవ్వ ముద్ద పెట్టకుండా వాయించినట్టే ఉంటుంది: చప్పుడు వస్తుంది, గుమికి (ఎడమ చేతి కింద జారే ఆ లోతైన మోత) రాదు. మా మేనల్లుడు మొదటిసారి వీటిని మామూలు ఇయర్‌బడ్స్‌లా చెవి అంచున తగిలించుకుని, "డబ్బాలో పాట పెట్టినట్టుంది మావయ్యా" అన్నాడు. నేనే వాడి చెవి పట్టుకుని (మేనమామని, ఆ హక్కు నాకుంది) సరిగ్గా దూర్చి అదే రికార్డు పెట్టాను. వాడు ఇంకేమీ అనలేదు, రెండో వైపు కూడా పూర్తిగా విన్నాడు.

బయటి చప్పుడుని ఎలక్ట్రానిక్స్‌తో చెరిపేసే వాడి నాయిస్ క్యాన్సిలేషన్ ఇయర్‌బడ్స్‌నీ వీటినీ రత్నాచల్ ఎక్స్‌ప్రెస్‌లో మార్చి మార్చి విన్నాం. ఇద్దరిదీ విశాఖ ప్రయాణం, నాకు కచేరీ, వాడికి కాలేజీ. రాజమండ్రి దగ్గర గోదావరి వంతెన ఎక్కగానే తేడా తెలిసింది. పట్టాల కింది ఆ గుబగుబ మోతని వాడివి దాదాపు మింగేశాయి, నావి కొంత లోపలికి రానిచ్చాయి. ఒకే తీరున సాగే మంద్ర చప్పుళ్ళ మీద, అంటే రైలు మోత, ఏసీ హోరు లాంటివాటి మీద, ఆ ఎలక్ట్రానిక్స్ బాగా పనిచేస్తాయి. కానీ టీ అమ్మే అబ్బాయి కేక, పక్క సీట్లో ఫోన్ స్పీకర్లో మోగే రీల్స్, వెనక సీటులో భూమి రేట్ల మీద వాదన, ఇవన్నీ వాడికి వినపడుతూనే ఉన్నాయట. నాకు టీ అబ్బాయి నోరు కదలడం కనపడిందంతే. మనుషుల గొంతులూ అంతకంటే పైస్థాయి చప్పుళ్ళూ ఆపాలంటే బిరడాదే పైచేయి. మన రైళ్ళలో నాకు ఏది ముఖ్యమో వేరే చెప్పాలా?

ఇంకో లాభం, చప్పుడు లోపలికి రాదు కాబట్టి వాల్యూమ్ పెంచక్కర్లేదు. 80 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకి మించి వినొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రైలు మోతని గెలవాలని మామూలు ఇయర్‌ఫోన్స్‌లో వాల్యూమ్ చివరిదాకా తోసేవాళ్ళు ఆ హద్దు ఎప్పుడో దాటేసి ఉంటారు. చెవే తిండి పెట్టే మాలాంటివాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు.

ఇక నాదం. కింది స్థాయి నిండుగా, కాస్త ఎక్కువగానే ఉంటుంది. పైస్థాయి మెత్తబడుతుంది. నాకిది వరమే. తని ఆవర్తనంలో, అంటే కచేరీలో మృదంగం ఒంటరిగా వాయించే భాగంలో, ఎడమ చేతి గుమికి ఎక్కడ లేచి ఎక్కడ జారిందో స్పష్టంగా పట్టుకోవచ్చు. పాత రేడియో రికార్డింగుల్లోని బుసబుస కూడా తగ్గి వినపడుతుంది. కంజీర జల్లుమనడం, ఘటం మీద గోటి దెబ్బ మాత్రం వాటికి ఉండాల్సిన పదునుతో ఉండవు. తంబూరా జీవాళి (తీగ కింది దారంతో వచ్చే ఝుమ్మనే నాదం) ఉంది గానీ మెరుపు తక్కువ. వయొలిన్ ఆయన ఫిర్యాదు ఇదే, ఆయన చెవి ప్రకారం అది న్యాయమైనదే. ఆయన వాడేవి ఎటిమోటిక్ వాళ్ళవి. 1991లో ఈఆర్4 తెచ్చిన కంపెనీ అది. మూడు గొడుగులు ఒకదాని వెనక ఒకటి పెట్టినట్టుండే టిప్ చెవిలో చాలా లోతుకి పోతుంది. కమాను మలుపులు, గమకం అంచులు అందులో గీత గీసినట్టు వినపడతాయి, ఒప్పుకుంటాను. అంత లోతుకి దూర్చుకోవడం మాత్రం నావల్ల కాదు. ఆయనకి నా తొప్పి మోత అతిగా ఉందట. మృదంగం వాడికి తొప్పి అతి కావడమేమిటని నేను, కచేరీలో నీతో వచ్చే బాధే అది అని ఆయన.

మా ఆవిడ ఒకసారి పెట్టుకుని, "నేను నమిలే చప్పుడు నాకే వినపడుతోంది, ఇదేం సుఖమండీ?" అని తీసేసింది. అదీ నిజమే. చెవి మూసుకున్నాక మన మాట, నడక, నమలడం లోపలే మోగుతాయి. జీడిపప్పు తింటూ పాట వినే అలవాటున్నవాళ్ళు ఆలోచించుకోండి. వంటింట్లో కుక్కర్ విజిల్, తలుపు గంట కూడా వినపడవు. మా ఇంట్లో ఇప్పటి నియమం, స్టవ్ మీద ఏదన్నా ఉంటే నా చెవిలో ఏదీ ఉండకూడదు. రోడ్డు మీద, బండి మీద వీటి జోలికే పోవద్దు, హారన్ వినపడదు.

ధర నేను కొన్నప్పుడు పదివేల లోపే. వీటికి నకిలీలు విపరీతం, సగం ధరకి ఇస్తామన్నా పడిపోకండి. ఫోమ్ టిప్స్ చెమటకీ గులిమికీ కొన్ని నెలల్లో గట్టిపడతాయి, మార్చుకోవాలి. టిప్ తొడిగే గొట్టం వీటికి సన్నం, మామూలు ఇయర్‌ఫోన్స్ టిప్స్ దాని మీద నిలవవు, వదులై చెవిలోనే ఉండిపోతాయి. కాబట్టి కొనేటప్పుడే సన్న గొట్టానికి సరిపోయే ఫోమ్ ప్యాకెట్ ఇంకొకటి తీసుకోండి.