మొత్తం సైటేషన్లా, హెచ్-ఇండెక్సా?

మాలిక్యులర్ బయాలజిస్టు (జీవాన్ని అణువుల స్థాయిలో పరిశోధించే శాస్త్రవేత్త) పనిని అంకెల్లో తూచేవారు ఎక్కువగా ఈ రెంటినే ఆశ్రయిస్తారు.

మొత్తం సైటేషన్ల లెక్క సులభం: ఆ వ్యక్తి పరిశోధన పత్రాలను ఇతరులు ఎన్నిసార్లు ఉదహరించారో కూడితే చాలు. చిక్కల్లా, ఒక్క పత్రమే ఆ మొత్తాన్ని ఆకాశానికి ఎత్తేయగలదు. ప్రోటీన్ పరిమాణాన్ని కొలవడంపై 1951లో జీవరసాయన శాస్త్రవేత్త ఆలివర్ లౌరీ బృందం ప్రచురించిన పత్రానికి 3 లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. అందులో ఉన్నది జీవరహస్యమేమీ కాదు, ప్రయోగశాలలో రోజూ పనికొచ్చే పద్ధతి. ఈ రంగంలో గొప్ప ఆవిష్కరణల కంటే మంచి పద్ధతులకే తరచుగా గిరాకీ ఎక్కువ!

హెచ్-ఇండెక్స్‌ను 2005లో భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ ప్రతిపాదించారు. కనీసం 30 సైటేషన్ల చొప్పున ఉన్న పత్రాలు 30 ఉంటే సూచిక 30. ఒక్క పత్రం మెరుపుకు ఇది లొంగదు. కానీ పత్రాల సంఖ్యను దాటి పెరగలేదు కాబట్టి, తక్కువ రాసి లోతుగా పనిచేసినవారికి అన్యాయం చేస్తుంది. 1958లో, 1980లో రెండుసార్లు నోబెల్ అందుకున్న జీవరసాయన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ సాంగర్ ప్రచురణల విషయంలో మితభాషే. పైగా ఈ సూచిక తగ్గదు. పరిశోధన మానేసినా, పాత పత్రాలకు సైటేషన్లు వస్తుంటే పెరగవచ్చు.

పది మంది రాసిన పత్రంలో ప్రయోగమంతా చేసినవారికి, పేరు మాత్రమే ఉన్నవారికి రెండు లెక్కలూ ఒకే మార్కు వేస్తాయి.

సుదీర్ఘ కృషిని చూడటానికి నా ఓటు హెచ్-ఇండెక్స్‌కే. ఇప్పుడిప్పుడే మొదలుపెట్టినవారి విషయంలో మాత్రం రెంటినీ పక్కనపెట్టి పత్రాలు చదవడమే నయం.