రెండు మొనల గుర్తు: నాలుగేళ్ల వాడకం తరువాత

ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్‌లో సైకిలు మీద ఒక్క రోజులో చుట్టి రాదగిన దారి వేసుకోవడానికి నేను నాలుగేళ్లుగా ఆర్డ్‌నెన్స్ సర్వే (బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ) వారి ల్యాండ్‌రేంజర్ పటాలను, 89, 90 సంఖ్యలవి, వాడుతున్నాను. స్కేలు, ధర, అట్ట వంటి వివరాలు దుకాణంలోనే తెలిసిపోతాయి కనుక వాటి జోలికి పోను. నేను రాయదలచినదల్లా ఆ పటాల్లో రోడ్డు గీత మీద కనిపించే చిన్న బాణపు మొన గురించి. ఒక మొన ఉంటే అక్కడి వాలు 14 నుంచి 20 శాతమని, అంటే వంద మీటర్లు ముందుకు పోతే 14 నుంచి 20 మీటర్ల ఎత్తు పెరుగుతుందని, రెండు మొనలుంటే 20 శాతం దాటిందని అర్థం. ఇంత చిన్న గుర్తు మీద ఇంత అభిమానం ఎందుకో చెప్పాలంటే, అది తెలియక నేను పడిన అవస్థ చెప్పాలి.

విశాఖపట్నంలో ఉన్న రోజుల్లో అనంతగిరి మీదుగా అరకు ఘాట్‌రోడ్డును సైకిలు మీద చాలాసార్లు ఎక్కాను. మాంచెస్టరుకు ఉద్యోగానికి వచ్చిన కొత్తలో, ఇక్కడి కనుమల ఎత్తులు చూసి కొంత చిన్నచూపే కలిగింది. లేక్ డిస్ట్రిక్ట్‌లోని రోడ్డు కనుమలన్నింటిలో ఎత్తయిన కర్క్‌స్టోన్ 454 మీటర్లే. హానిస్టర్ 356, హార్డ్‌నాట్ 393. అరకు లోయ నేల మట్టమే వీటి నెత్తిన ఉంటుంది. అయితే మన ఘాట్‌రోడ్లు నిండు లోడుతో ఉన్న లారీలు, బస్సులు ఎక్కేందుకు కొండ చుట్టూ తిప్పి వేసినవనీ, ఇక్కడి కనుమ దారులు కొండ మీదికి ఇంచుమించు నిట్టనిలువుగా పోతాయనీ అప్పటికి నాకు తట్టలేదు.

దారి వేసే ఒక యాప్‌ను నమ్ముకుని, ఏటా మే నెలలో జరిగే ఫ్రెడ్ విటన్ చాలెంజ్ అనే సైకిలు యాత్ర మార్గాన్నే దాదాపుగా అనుసరిస్తూ, 180 కిలోమీటర్ల చుట్టు వేసుకున్నాను. ఆంబుల్‌సైడ్‌లో బయలుదేరి కర్క్‌స్టోన్ ఎక్కి, అల్స్‌వాటర్ ఒడ్డుకు దిగి, కెజిక్ మీదుగా బరోడేల్, హానిస్టర్, బటర్‌మియర్, న్యూలాండ్స్, విన్‌లాటర్ దాటి, పడమటి వైపున కోల్డ్ ఫెల్ మీదుగా ఎస్క్‌డేల్ చేరి, చివరగా హార్డ్‌నాట్, రైనోజ్ కనుమలు దాటి తిరిగి రావడం. యాప్ గీసిన ఎత్తుల బొమ్మలో హార్డ్‌నాట్ ఒక చిన్న సూదిలా కనిపించింది. గరిష్ఠ వాలు 19 శాతమని రాసి ఉంది. ఉదయం హానిస్టర్ ఎక్కిన కాళ్లు దీనిని ఎక్కలేవా అనుకున్నాను.

జూన్ నెలలో తెల్లవారుజామున 5 గంటలకు బయలుదేరిన నేను, హార్డ్‌నాట్ పాదం దగ్గర పశువులు దాటకుండా వేసిన ఇనుప కమ్మీల మీదికి వచ్చేసరికి సాయంత్రం ఐదున్నర అయింది. అప్పటికే 150 కిలోమీటర్లు దాటాయి. పక్కనే ఉన్న హెచ్చరిక బోర్డు 30 శాతం అంటోంది. మొదటి వంద మీటర్లలోనే నా దగ్గరున్న గేర్లన్నీ అయిపోయాయి. రోమన్ల కోట శిథిలాల దగ్గర వాలు కొంత తగ్గి ఊపిరి పీల్చుకున్నానో లేదో, శిఖరం ముందరి మలుపులు మొదలయ్యాయి. వెనక్కి కూర్చుంటే ముందు చక్రం లేస్తోంది, ముందుకు వంగితే వెనుక చక్రం జారుతోంది. ఒక మలుపు లోపలి అంచున సైకిలు ఉన్నచోటనే ఆగిపోయింది. పెడలుకు తగులుకుని ఉండే బూటును విడిపించుకునేలోపే పక్కకు ఒరిగి, మోచేయి గీసుకుని, దిగువ నుంచి వస్తున్న కారువారు జాలిగా ఆగి చూస్తుండగా లేచాను. మిగిలిన దారంతా అడుగున ఇనుప బిళ్లలున్న ఆ బూట్లతో, జారుతూ, సైకిలును తోసుకుంటూ నడిచాను. ఆ తరువాత రైనోజ్ కూడా నడకే. ఆంబుల్‌సైడ్ చేరేసరికి తొమ్మిది దాటింది.

ఆ చలికాలంలో పటాలు కొని భోజనాల బల్ల మీద పరిచినప్పుడు, హార్డ్‌నాట్ మీద ఆ జంట మొనలు కనిపించాయి. అటూ ఇటూ, మళ్లీ రైనోజ్ మీదా. బల్ల దగ్గర ఒక్కణ్నే కూర్చుని నవ్వుకున్నాను. యాప్ అబద్ధం చెప్పిందనలేను. సుమారు రెండు కిలోమీటర్లలో మూడు వందల మీటర్ల లోపు ఎత్తు ఎక్కే దారికి సగటు 13, 14 శాతమే వస్తుంది. పైగా మెలికలు తిరిగే దారిలో రోడ్డు గీత నాలుగు మీటర్లు పక్కకు జరిగినా ఎత్తు లెక్క తప్పుతుంది. ఆ తప్పు కనబడకుండా యాప్ తన ఎత్తుల గీతను నునుపు చేసినప్పుడు అసలైన వాలు కూడా నునుపైపోతుంది. మొనల గుర్తులో ఆ సగటు బాధ లేదు.

అప్పటి నుంచి దారి వేసేటప్పుడు మొత్తం ఎత్తును కూడుకోవడం మాని, 120 కిలోమీటర్ల తరువాత ఎన్ని జంట మొనలు తగులుతాయో లెక్కిస్తున్నాను. ఆ లెక్క ప్రకారమే మరుసటి ఏడాది చుట్టును తిరగేసి, రైనోజ్, హార్డ్‌నాట్‌లను ఉదయమే తాజా కాళ్లతో ముగించాను. ఎక్కడా దిగి నడవలేదు. కాకపోతే హార్డ్‌నాట్ పడమటి వాలును పొద్దున్నే, మంచు తడి ఆరని దారి మీద దిగవలసి వచ్చింది. రిమ్ములను పట్టే బ్రేకులున్న నా పాత సైకిలుతో ఆ దిగుడు ఎక్కడం కన్నా ఎక్కువ భయపెట్టింది. దారి తడిగా ఉంటుందో, కంకర లేచి ఉంటుందో, ఎదురుగా కారు వస్తే తప్పుకునే చోటు ఎక్కడుందో పటం చెప్పదు.

పైన అంత పొగిడాను కానీ, ఆ మొనలను మొదట్లో నేనే తప్పుగా చదివాను. బాణం కదా, ఎక్కవలసిన వైపు చూపుతుందనుకున్నాను; అవి దిగుడు వైపు చూపుతాయి. ఒక చిన్న పల్లె దారిలో దిగుడు ఉందని చైనును ముందున్న పెద్ద పళ్ల చక్రం మీదికి మార్చుకుని వెళ్లి, ఎదురు ఎక్కుడులో చిక్కుకున్నాను. ఇంకొకటి: 21 శాతానికీ, 33 శాతానికీ జంట మొనలే. ఆ రెండింటి మధ్య తేడా సైకిలు తొక్కేవాడి మోకాలికి బాగా తెలుసు. అందుకని జంట మొనలున్న ప్రతి చోటా పది మీటర్ల ఎత్తుకొకటిగా గీసిన రేఖలను భూతద్దంతో లెక్కపెట్టుకోవలసి వస్తోంది. హ్యాండిలు మీద దారి చూపడానికి ఇప్పటికీ ఆ యాప్‌నే పెట్టుకుంటున్నాను. వానగాలిలో పటం విప్పడం నా వల్ల కాలేదు.

నాకు 47 ఏళ్లు, బరువు 82 కిలోలు, ముందు చిన్న చక్రానికి 34 పళ్లు, వెనుక పెద్దదానికి 32. నాలాంటివారికి ఈ పటాలు సైకిలు భాగాలతో సమానమని నా అనుభవం. వెనుక 36 పళ్లు (వెనుక పళ్లు ఎక్కువైతే ఎక్కడం తేలిక), సన్నని ఒళ్లు ఉన్నవారికి ఇంత తర్కం అవసరం ఉండకపోవచ్చు. చెషైర్ మైదానాల్లో తొక్కేవారు దీనికి డబ్బు పెట్టనక్కరలేదు. జేబులో పట్టేలా నేను వేసుకున్న మడత సరిగ్గా హార్డ్‌నాట్ మీదుగా పోయి, నా 90వ పటం అక్కడే చిరిగింది. అంటించిన టేపు కింద ఇప్పుడు ఒక మొనే కనిపిస్తోంది.