వెలుగు వేరు, రంగు వేరు: డావిన్సీ రిజాల్వ్ కలర్ పేజీతో నా అనుభవం

అమ్మ కిటికీ పక్కన కూర్చుని పుస్తకం చదువుకుంటున్న వీడియో ఒకటి నా దగ్గరుంది. నాలుగు నిమిషాలు, ఫోన్‌తో తీసింది. కిటికీ వైపు చెంప నీలంగా, గదిలో బల్బు వైపు చెంప పసుపుగా పడ్డాయి. దీన్ని ఎలాగైనా సరిచేయాలనే డావిన్సీ రిజాల్వ్ అనే వీడియో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ పట్టుకున్నాను. ఎడిటింగూ ఆడియో సంగతి వదిలేసి, అందులో రంగులు సరిచేసే కలర్ పేజీ గురించే రాస్తాను, నాకు బాగా నచ్చింది అదే.

అంతకుముందు వాడిన ఒక యాప్‌లో కాంట్రాస్ట్ పెంచితే చాలు, అమ్మ చెంపలు కందిపోయినట్టు కనిపించేవి. మూడు రంగులనీ కలిపి సాగదీస్తే గాఢత కూడా పెరిగిపోతుంది మరి. ఇక్కడ ప్రైమరీస్ బార్స్ అనే నిలువు పట్టీల్లో ఆర్, జీ, బీలతో (ఎరుపు, ఆకుపచ్చ, నీలం) పాటు వై అని ఇంకోటి ఉంటుంది. అది వెలుగుది మాత్రమే. గామాలో, అంటే మధ్యస్థ వెలుగుల పట్టీలో, వై కొంచెం పైకి జరిపితే ముఖం తేరుకుంది, రంగు జోలికి పోలేదు. వెలుగు లెక్కలో మూడు రంగుల వాటా సమానం కాదు: హెచ్‌డీ ప్రమాణమైన రెక్ 709లో ఆకుపచ్చది 71.52 శాతం, ఎరుపుది 21.26, నీలానిది 7.22 మాత్రమే. లమ్ మిక్స్ అనే సెట్టింగ్ 100లో ఉంటే ఒక రంగును జరిపినప్పుడు మిగతావాటిని సర్ది వెలుగు మారకుండా చూస్తుంది.

అసలు చిక్కు నీలం చెంప దగ్గర వచ్చింది. రంగునో వెలుగునో బట్టి చిత్రంలో కొంత భాగాన్ని ఎంచే క్వాలిఫయర్‌తో ఆ నీలాన్ని ఎంచుకుంటే అంచులు మెట్లు మెట్లుగా తెగాయి, అమ్మ తల కదిపినప్పుడల్లా అవి మినుకుమినుకుమన్నాయి. తప్పు క్వాలిఫయర్‌ది కాదు. ఫోన్ వీడియోలు ఎక్కువగా 4:2:0 పద్ధతిలో ఉంటాయి. వెలుగును ప్రతి పిక్సెల్‌కీ నమోదు చేసి, రంగును నాలుగు పిక్సెళ్లకు కలిపి ఒకసారే నమోదు చేస్తారు. సంగతి అర్థమయ్యాక క్వాలిఫయర్‌లో హ్యూ (రంగు), శాచురేషన్ (రంగు గాఢత) రెండూ ఆపేసి, ల్యూమినెన్స్ (వెలుగు) ఒక్కటే ఉంచాను. కిటికీ వైపు చెంప ఎలాగూ ఎక్కువ వెలుగులో ఉంది కాబట్టి శుభ్రమైన అంచుతో ఎంపికైంది! పుస్తకం పేజీలు కూడా వెంట వచ్చేశాయనుకోండి. మార్పు ముఖానికే పరిమితమయ్యేలా చుట్టూ పవర్ విండో అనే హద్దు గీసి, కదలికను వెంబడించే ట్రాకర్‌కి అప్పగించాను. ఆ తర్వాత రంగు కాస్త వెచ్చబరచడం ఒక నిమిషం పని.

గది మూలల చీకట్లో ఎరుపు, ఆకుపచ్చ రవ్వలు కదులుతుండేవి. ఇలాంటి రవ్వలను, అంటే నాయిస్‌ను, తీసే అసలు పరికరం డబ్బు కట్టే స్టూడియో వెర్షన్‌లోనే ఉంది. ఉచితంలో నాకు అక్కరకొచ్చింది వెలుగును బట్టి రంగు గాఢతను మార్చే లమ్ వర్సెస్ శాట్ కర్వ్. నలుపు ఉండే ఎడమ కొసను కిందికి లాగితే చీకటి భాగాల్లో రంగు మాత్రమే తగ్గుతుంది. గరుకు పోదు గానీ కంటిని లాగే ఆ రంగు రవ్వలు పోతాయి, నాకదే పదివేలు.

కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఒకటే చెబుతాను, కంటికన్నా స్కోపులను (వెలుగునూ రంగునూ కొలిచి చూపే గ్రాఫులను) ఎక్కువ నమ్మండి. ఐదు నిమిషాలు చూస్తే కన్ను పసుపుకి అలవాటు పడిపోతుంది, వెలుగును కొలిచే వేవ్‌ఫామ్ స్కోప్ పడదు. అందులో 0 నలుపు, 1023 తెలుపు. రంగులను గుండ్రటి పటంలో చుక్కలుగా చూపే వెక్టర్‌స్కోప్‌లో చర్మపు రంగుకి ఒక గీత పెట్టుకోవచ్చు. చామనఛాయైనా తెలుపైనా నలుపైనా చర్మం దాదాపు ఆ గీత దగ్గరే పడుతుంది, చర్మం కింద పారే నెత్తురు అందరికీ ఒకటే కాబట్టి. మనిషికీ మనిషికీ పెద్ద తేడా వెలుగులో ఉంటుంది.

మంచి గ్రాఫిక్స్ కార్డు లేకపోతే మాత్రం ప్లేబ్యాక్ నత్తనడక నడుస్తుంది. ఉచిత వెర్షన్‌లో ఎగుమతి 3840×2160 వరకే, ఇంటి వీడియోలకి అది ఎక్కువే.

ఆ నీలాన్ని పూర్తిగా తీసేయలేదు. బయట సాయంత్రం అవుతోందని తెలియాలి కదా. స్కోప్‌లో ఆ చెంప చుక్కల గుంపును గీతకి కొంచెం పక్కగానే ఉండనిచ్చాను.